ఉద్యోగాలు వదిలాడు.. ఊరిని కదిలించాడు

చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు ఎవరు? గ్రూప్-2 కోచింగ్ కోసం గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో గది తీసుకున్న వాళ్లను నిద్రలో లేపి అడిగినా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని టక్కున చెప్పేస్తారు. ఒక్క మార్కు. ఆ పేరుకి టిక్ పెట్టి తర్వాతి బిట్‌కి వెళ్లిపోతాం. నేనూ అలా వెళ్లిపోయినవాడినే.

మళ్లీ ఆయన దగ్గరికి నన్ను లాక్కొచ్చింది ఒక ఇంటిపన్ను నోటీసు. నాన్న దాన్ని నా చేతిలో పెట్టి, ఇంజినీరింగ్ చదివావుగా, ఇదేంటో చూడమన్నారు. రోజంతా టెక్నాలజీ గురించి రాసే నాకు ఆ కాగితంలో సగం గళ్లు అర్థం కాలేదు. ఎందుకు పెరిగింది? ఎవరు పెంచారు? అడగాలంటే ఎవరిని అడగాలి? వెతుక్కుంటూ వెళ్తే వందేళ్ల కిందటి చీరాలలో తేలాను. అక్కడ ఇదే ప్రశ్న అడిగిన జనం ఏం చేశారో, వాళ్లతో ఆ పని చేయించిన మనిషి ఎలాంటివాడో చదివాక, ఇది ఒక్క మార్కు విషయం కాదనిపించింది.

తాలూకా ఆఫీసు నుంచి ఎడింబరోకి

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజునే తల్లి పోయింది. మూడేళ్లు నిండేసరికి తండ్రి కూడా పోయారు. పినతండ్రి, నాయనమ్మ పెంచారు. చిన్న చదువు కూచిపూడిలో, ఆ తర్వాత గుంటూరులో, బాపట్లలో సాగింది. కూచిపూడి గాలి ఎవరిని వదులుతుంది? బాపట్లలో చదువుకునే రోజుల్లో స్నేహితులను పోగేసి నాటకాల బృందం పెట్టారు. పాటలు, పద్యాలు, వేషాలు. చదువు వెనకబడింది, మాస్టార్లతో చీవాట్లు తప్పలేదు. క్లాస్ టాపర్ కథ కాదిది, అది ముందే చెప్పేస్తున్నా.

తర్వాత బాపట్ల తాలూకా ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో సర్కారీ కొలువు అంటే ఇప్పటికన్నా పెద్ద మాట. తల్లీతండ్రీ లేని కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఏడాది చేసి మానేశారు.

తాలూకా ఆఫీసు అంటే ఏమిటో ఒక్క నిమిషం చూద్దాం. రైతు కట్టే శిస్తు లెక్క అక్కడే. కట్టకపోతే నోటీసు అక్కడి నుంచే. తర్వాత జప్తు. గొడ్డూ గోదా, ఇంట్లో సామాను, చివరికి భూమి. ఆ తర్వాత దండోరా వేసి వేలం. ప్రభుత్వం సామాన్యుడి గడపలోకి వచ్చే దారి అదే. ఆ ఆఫీసులో ఏడాది కూర్చున్న మనిషికి ఈ యంత్రం ఎలా తిరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో లోపలి నుంచి తెలిసి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ తర్వాత ఆయన చేసిన పని చూస్తే ఆ ఊహ తప్పనిపించదు.

ఉద్యోగం మానేసి, మిత్రుడు నడింపల్లి నరసింహారావు తోడుగా స్కాట్లండ్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అర్థశాస్త్రంలో ఎంఏ చేశారు. అక్కడ ఉండగానే కళల పండితుడు ఆనంద కుమారస్వామితో పరిచయమైంది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి సంస్కృతం నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. 1917లో ఆ పుస్తకాన్ని అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. బాపట్లలో నాటకాల పిచ్చితో చీవాట్లు తిన్న కుర్రాడి పేరు, ఆ పిచ్చి వల్లే హార్వర్డ్ పుస్తకం మీదికి ఎక్కింది.

తిరిగొచ్చాక రాజమండ్రిలో ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఇమడలేదు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు వెళ్లారు. స్వదేశీ ఉద్యమం నుంచి పుట్టిన కాలేజీ అది, మనసుకు నచ్చాల్సిందే. అక్కడా అభిప్రాయ భేదాలే. బయటికొచ్చేశారు. రెజ్యూమే తీసి చూస్తే మూడు ఉద్యోగాలు, ఒక్కదాంట్లోనూ కుదురుగా లేరు. ఇప్పటి హెచ్ఆర్ వాళ్లయితే మొదటి రౌండ్‌లోనే పక్కన పెట్టేసేవాళ్లు. నిజం చెప్పాలంటే అందులో కొంత ఆయన స్వభావం కూడా ఉంది. పైవాడి మాట పడి ఉండే మనిషి కాదు. ఉద్యోగం మానేయడమే గొప్ప అని నేననను. చేతిలో ఏమీ లేకుండా మానేస్తే ఏమవుతుందో ఆయన చివరి రోజులే చూపిస్తాయి, అక్కడికి తర్వాత వద్దాం.

1919లో చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థ పెట్టారు. తెలుగువాళ్ల పాట, ఆట, పద్యం, చదువు మళ్లీ జనంలోకి రావాలన్నది దాని ఉద్దేశం. ఆయన వెళ్లింది సాహిత్యం పని మీద. ఊళ్లో ఆయన కోసం ఎదురుచూస్తోంది మాత్రం మున్సిపాలిటీ.

నాలుగు వేలు.. నలభై వేలు

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022 వరకూ ప్రకాశం జిల్లా. మనం చెప్పుకునే రోజుల్లో గుంటూరు జిల్లా. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. రెండింటికీ కలిపి జనాభా 15 వేల పైచిలుకు. ఎక్కువ మంది నేత మీదో, వ్యవసాయం మీదో, కూలి మీదో బతికేవాళ్లు. జాండ్రపేట, వీరరాఘవపేట కలుపుకుని ఈ ఊళ్లన్నిటికీ ఒక యూనియన్ ఉండేది. యూనియన్ అంటే కార్మిక సంఘం అనుకోకండి. ఇప్పటి పంచాయతీ లాంటి చిన్న స్థానిక సంస్థకి అప్పటి పేరు అది. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4 వేల రూపాయలు.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్ను ఏడాదికి 40 వేల దాకా పోయింది.

లెక్క వేద్దాం. యూనియన్ రోజుల్లో తలకి ఏడాదికి సగటున నాలుగు అణాల చిల్లర. మున్సిపాలిటీ వచ్చాక రెండు రూపాయల పది అణాలు. ఐదుగురున్న ఇంటికి రూపాయి పావలా దాటే ఖర్చు కాస్తా పదమూడు రూపాయలు దాటింది. సగటు కాబట్టి పెద్ద మేడ ఉన్నవాడికీ పూరి గుడిసె ఉన్నవాడికీ ఒకేలా పడిందని కాదు. కానీ ఊరి జేబు మొత్తం మీద పడిన బరువు అది. దానికి తగ్గట్టు దీపాలొచ్చాయా, మంచినీళ్లొచ్చాయా, రోడ్లొచ్చాయా అంటే పాత పరిస్థితే. మనల్ని అడక్కుండా మన ఫోన్‌ని పది రెట్లు ఖరీదైన ప్లాన్‌లోకి మార్చేసి, డేటా మాత్రం పాతదే ఇస్తే ఎలా ఉంటుంది? కంపెనీ అయితే సిమ్ మార్చేసుకుంటాం. ఊరిని ఎలా మారుస్తాం?

ఇక్కడే చీరాల కథ మామూలు పన్ను గొడవ నుంచి వేరుపడుతుంది. జనం మొదట గొడవకు దిగలేదు. అర్జీలు పెట్టారు. మున్సిపాలిటీ వద్దు, మాకు మా యూనియన్ చాలన్నారు. అర్జీల మీద అర్జీలు వెళ్లాయి. కదలిక లేదు. ఎన్నికైన కౌన్సిలర్లే రాజీనామాలిచ్చేశారు. అయినా మున్సిపాలిటీ పోలేదు. ప్రభుత్వం నియమించిన మనుషులతో ఆఫీసు నడిచింది.

పాలిటీ చదివేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన బదిలీ చేసిన అంశం. అంటే తెల్లదొర చేతిలో కాదు, భారతీయ మంత్రి చేతిలో ఉండేది. 1920 డిసెంబరు నుంచి మద్రాసులో ఆ శాఖ చూసింది జస్టిస్ పార్టీకి చెందిన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు. ఆయన మన తెలుగువాడే. పుస్తకాల్లో ద్వంద్వ పాలన అంటే ఒక చార్ట్. చీరాల నేతగాడికి మాత్రం దాని అర్థం వేరు. శాఖ మనవాడి చేతికొచ్చినా పన్ను తగ్గలేదు. స్వపరిపాలన శాఖ అనే పేరు పెట్టుకుని, మా ఊరిని మేమే నడుపుకుంటాం అన్నవాళ్ల మాట వినలేదు. గోపాలకృష్ణయ్య పట్టుకున్న పాయింట్ ఇదే. ఆయన దృష్టిలో గొడవ నలభై వేల గురించి మాత్రమే కాదు. ఊరు ఏ స్థాయిదో, ఎంత కట్టగలదో ఊరివాళ్లను అడగకుండా తేల్చే హక్కు ఎవరికుందన్నది అసలు ప్రశ్న.

జనం పన్ను కట్టడం మానేశారు. కేసులు పడ్డాయి. 1921 మొదట్లో కొందరిని జైలుకి పంపారు. వాళ్లలో ఒక వృద్ధురాలు కూడా ఉంది. ఇంటిపన్ను కట్టనందుకు ముసలామెను జైల్లో పెట్టిన వార్త ఊరి పట్టుదలను ఇంకా పెంచింది.

రామదండు

గోపాలకృష్ణయ్య దగ్గర డబ్బు లేదు, పదవి లేదు. ఉన్నది నోరు. ఆయన మాట్లాడుతుంటే జనం గంటలు గంటలు కూర్చునేవారట. పద్యం అందుకునేవారు, మధ్యలో ఇంగ్లిష్ విసిరేవారు, వెక్కిరించేవారు, అంతలోనే పురాణంలోకి దూకేవారు. అర్థశాస్త్రం ఎంఏ చేసినవాడు లెక్కల భాషలో కాకుండా వీధి నాటకం భాషలో పన్ను గురించి మాట్లాడటం ఊహించుకోండి. జనం ఆయన్ని ఆంధ్రరత్న అని పిలుచుకున్నారు.

కానీ నోటితోనే ఊరు నడవదు. అందుకే రామదండు పెట్టారు. రాముడి సైన్యం అన్నమాట. వెయ్యి మంది దాకా వాలంటీర్లు. కాషాయం దుస్తులు, మెడలో రుద్రాక్షలు. చూడ్డానికి భజన బృందంలా ఉంటారు, పనిలో మాత్రం గట్టి క్రమశిక్షణ. జనాన్ని అదుపు చేయడం, గొడవలు జరగకుండా చూడటం, కబురు చేరవేయడం వాళ్ల పనులు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. గాంధీజీని చూడటానికి జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. ఆ జనాన్ని పోలీసుల సాయం లేకుండా సర్దింది రామదండే.

ఈ రోజుల్లో ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటాం. నాకు మాత్రం ఇందులో ఆయన అసలు తెలివి కనిపిస్తుంది. ప్రభుత్వాన్ని కాదన్నప్పుడు ప్రభుత్వం చేసే పని ఎవరో ఒకరు చేయాలి కదా. అది ముందే ఏర్పాటు చేసుకున్నారు.

గాంధీ ముందు పెట్టిన రెండు దారులు

బెజవాడ సమావేశాలయ్యాక ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఏం చేయమంటారని గోపాలకృష్ణయ్య అడిగారు. గాంధీజీ రెండు దారులు చూపించారు. ఒకటి, హింస లేకుండా పన్ను నిరాకరణ సాగించి వచ్చిన శిక్ష అనుభవించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్లిపోవడం. ఊరే లేకపోతే మున్సిపాలిటీ ఎవరిని పాలిస్తుంది? అయితే ఇందులో కాంగ్రెస్ సాయం మీద ఆధారపడవద్దని, ఎవరి బలం వాళ్లదేనని కూడా తేల్చి చెప్పారు. ఆ రెండో మాట చాలా బిట్ల పుస్తకాల్లో ఉండదు. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే అదే ముఖ్యం.

గోపాలకృష్ణయ్య రెండో దారి ఎంచుకున్నారు. ఏప్రిల్ నెలాఖరులో ఊరు కదిలింది. 15 వేల పైచిలుకు జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలి, హద్దు అవతల తాటాకు పాకలు, పందిళ్లు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఏప్రిల్ నెలాఖరు అంటే మన ప్రాంతంలో ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఆ వెనకే రోహిణి కార్తె. తర్వాత వానలు, తుపాన్ల కాలం. సముద్రం ఎంతో దూరం లేదు. అలాంటి చోట పసిపిల్లలతో, ముసలివాళ్లతో, గొడ్లతో పాకల్లో కాపురం. నేతగాళ్ల సంగతి మరీ కష్టం. గుంట మగ్గం అంటే కుర్చీ కాదు, ఎత్తుకెళ్లి ఇంకోచోట వేసుకోడానికి. కొత్త చోట గుంట తవ్వాలి, రాటలు పాతాలి, పడుగు మళ్లీ బిగించాలి. వాన పడి గుంటలో నీళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. రెండు రూపాయల పది అణాల పన్ను తప్పించుకోడానికి అంతకు ఎన్నో రెట్లు నష్టపోయారు. లెక్కల్లో చూస్తే ఇది పిచ్చి పని. ఆ లెక్క ఎడింబరోలో అర్థశాస్త్రం చదివిన మనిషికి తెలియక కాదు.

రామనగర్ పదకొండు నెలలు నిలబడింది. తగాదాలొస్తే కోర్టుకెళ్లకుండా పెద్దలే కూర్చుని తీర్చుకునే ఏర్పాటు చేసుకున్నారు. రామదండు కాపలా కాసింది. చీరాలలో మాత్రం పన్ను కట్టేవాళ్లు లేని మున్సిపాలిటీ మిగిలింది.

నాయకుడు లేని ఊరు

పదమూడు వేల మందిని అలా నిలబెట్టాలంటే డబ్బు కావాలి. మగ్గాలు సరిగ్గా నడవకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? చందాల కోసం, మద్దతు కోసం గోపాలకృష్ణయ్య ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. 1921 చివర్లో బరంపురం వెళ్లారు. అప్పట్లో అది మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లాలోదే. బహిరంగంగా మాట్లాడకూడదని అధికారులు నిషేధం పెట్టారు. ఆయనేమో మాట్లాడటమే పనిగా ఉన్న మనిషి. మాట్లాడారు. అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైలుకి పంపారు.

ఆయన్ని పక్కకు తీసేశాక రామనగర్‌ని పట్టి ఉంచేవాళ్లు కరవయ్యారు. డబ్బు లేదు, కాంగ్రెస్ సాయం లేదని ముందే తెలుసు. కొన్నాళ్లు ఓర్చుకున్నారు. చివరికి ఒక్కొక్కరే పాత ఇళ్లకు తిరిగొచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉంది.

ఓడిపోయారా? ఆ రోజుకి అయితే ఓడిపోయారనే చెప్పాలి. ఉద్యమం గురించి రాసేవాళ్లు ఈ చోట గొంతు తగ్గించి స్ఫూర్తి గురించి మాట్లాడతారు. ఆ ఇళ్లకు తిరిగొచ్చిన నేతగాడి అప్పు ఎంతో ఎవరూ లెక్క రాయలేదు. నాయకుడి నిర్ణయంలో పొరపాటుందా అంటే నాకు ఉందనే అనిపిస్తుంది. తను లేకపోతే నడిచే ఏర్పాటు ఆయన చేయలేకపోయారు. అంతా ఒక్క మనిషి మాట మీద నిలబడింది. ఆ మాట జైలుకెళ్లగానే పందిరి కుంగింది.

ఆ నెలల్లోనే ఇదే జిల్లాలో ఇంకోచోట పన్ను గొడవ మరో రూపంలో లేచింది. పత్తి, మిరప పండే నల్లరేగడి మధ్యలో ఉన్న పెదనందిపాడు ఫిర్కా. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో 1922 జనవరిలో రైతులు శిస్తు కట్టడం ఆపేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు. సర్కారు జప్తుకు దిగింది. గొడ్లను తోలుకెళ్లి వేలం పెట్టింది. పాట పాడేవాడు రాలేదు. వేలం అనే యంత్రంలో మనం పట్టించుకోని మర ఒకటుంది. సర్కారు ఎంత గట్టిగా సుత్తి కొట్టినా, ఎదురుగా నిలబడి ఒక ధర చెప్పే పొరుగువాడు ఉండాలి. ఆ పొరుగువాడు నోరు మూసుకుంటే జప్తు చేసిన గొడ్డు సర్కారు నెత్తి మీదే మేతకి కూర్చుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో పాట ఎలా నడుస్తుందో చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కొనేవాడు లేకపోతే సరుకు ఎంత మంచిదైనా బస్తానే.

ఫిబ్రవరిలో గాంధీజీ అభిప్రాయం మేరకు పెదనందిపాడులో పన్ను నిరాకరణ ఆపేశారు. చౌరీచౌరా తర్వాత దేశమంతా ఉద్యమం ఆగింది. అదే నెలలో పల్నాడులో పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పశువులు అడవిలో మేస్తే కట్టాల్సిన పన్ను పుల్లరి. ఇంటిపన్ను, శిస్తు, పుల్లరి. ఏడాది తిరక్కుండా ఒకే జిల్లాలో మూడు రకాల పన్నుల మీద మూడు పోరాటాలు. పరీక్షలో ఇవి మూడు వేర్వేరు బిట్లు. పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకదానికొకటి గుర్తుండిపోతాయి.

మన ఊరు ఎప్పుడు టౌన్ అవుతుంది?

చీరాల ప్రశ్న పాతబడలేదు. ఒక పల్లెను పక్క టౌన్‌లో కలుపుతున్నారంటే ఇప్పటికీ రెండు వర్గాలు తయారవుతాయి. స్థలాల ధరలు పెరుగుతాయని కొందరు. పన్ను పెరుగుతుంది, గ్రామీణ ప్రాంతాలకే ఇచ్చే ఉపాధి హామీ పనులు పోతాయని కొందరు. రెండూ నిజమే.

అయితే ఇప్పుడు దానికి రాసి ఉన్న కొలతలున్నాయి. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243క్యూ అధికరణ చూడండి. నగర పంచాయతీ, మున్సిపల్ కౌన్సిల్, కార్పొరేషన్ అని మూడు స్థాయిలు. ఏ ప్రాంతాన్ని ఎందులో పెట్టాలో తేల్చేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం చూడాలి. చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ వేయకూడదని 265వ అధికరణ చెబుతుంది. ఈ రెండు నంబర్లు పరీక్ష కోసం బట్టీ పట్టేస్తాం. నోటీసు ఇంటికొచ్చిన రోజున గుర్తుకు రావు.

మన రాష్ట్రంలో 2021 నుంచి పట్టణాల్లో ఆస్తిపన్ను లెక్క కూడా మారింది. అంతకుముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద వేసేవారు. ఇప్పుడు ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నాన్న నోటీసులో నాకర్థం కాని గళ్లు ఇవే. కూర్చుని చదివితే ఇంటి కొలత దగ్గర తేడా కనిపించింది. అభ్యంతరం కాగితం రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. కౌంటర్‌లో కుర్రాడు ముద్ర ఎందుకండీ అన్నట్టు చూశాడు. వేయించుకునే వచ్చాం. ఆ అభ్యంతరం ఇంకా తేలలేదు.

మీలో ఎవరైనా రేపు వార్డు సచివాలయంలోనో మున్సిపల్ ఆఫీసులోనో ఆ కౌంటర్ అవతల కూర్చోవచ్చు. అప్పుడు ఇవతల నిలబడేది మా నాన్న లాంటివాళ్లే.

చివరి ఆరేళ్లు

జైలు నుంచి వచ్చేసరికి గోపాలకృష్ణయ్యకి రామనగర్ లేదు. ఉద్యోగం లేదు, చేసే ఉద్దేశమూ లేదు. చేతిలో ఎడింబరో డిగ్రీ ఉంది. ఏ కాలేజీ తలుపు తట్టినా తెరుచుకునేదేమో. తట్టలేదు. గోష్ఠి పనులు, రామదండు, సభలు, పద్యాలు. ఇంట్లో మాత్రం గడవని రోజులే ఎక్కువ. తర్వాత క్షయ పట్టుకుంది. అప్పటికి క్షయకి మందు లేదు. మంచి తిండి, విశ్రాంతి, గాలి మార్పు, ఇవే వైద్యం. మూడింటికీ డబ్బు కావాలి. వేల మందిని కదిలించిన మనిషికి ఆ మూడూ అమరలేదు.

1928 జూన్ 10న చనిపోయారు. ముప్పైతొమ్మిదేళ్లు నిండి ఎనిమిది రోజులు.

విజయవాడలో కాంగ్రెస్ పార్టీ రాష్ట్ర కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అని పేరు. దాని ముందు నుంచి ఆటోలో వెళ్తూ ఆ రత్నం ఎవరో ఎప్పుడూ ఆలోచించలేదు నేను. హార్వర్డ్ పుస్తకం మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి స్కాన్ కాపీ ఉచితంగానే చదువుకోవచ్చు. మొదటి పేజీలో ఆనంద కుమారస్వామి పక్కన రెండో పేరు ఆయనదే. అక్కడ ఇంటిపేరు చివర వేశారు, గోపాలకృష్ణయ్య దుగ్గిరాల అని.